కూలికి ఆడినవాడు

లోహన్‌సైడ్ ఆడవాళ్ళు మనిషిని రంగు తొట్టిలో ముంచాలనుకుంటే ముందు పేరు అడగరు. అదే కొంప ముంచింది. లేకపోతే డూగల్ మెకాస్లన్ సంగతి ఎవరికీ తెలియకుండా ఏ గ్లాస్గో కచేరీలోనో, నలుగురు పెద్దమనుషులు టీ తాగుతూ తేల్చేసి ఉండేవారు.

డూగల్ చేసిన నేరం ఏమిటంటే, ఇంగ్లండ్ వెళ్ళి కూలి పుచ్చుకుని బంతి ఆడాడు. ఆ రోజుల్లో స్కాట్లండ్‌లో అది దొంగతనం కన్నా హీనం. దొంగనైతే కొన్నాళ్ళు జైల్లో పెట్టి వదిలేసేవారు. ఆటకి కూలి తీసుకున్నవాడి పేరు మాత్రం పత్రికల్లో అచ్చు వేయించి, ఇక ఈ నేల మీద ఏ జట్టులోనూ కాలు కదపరాదని ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు శాసించేవారు. సరిహద్దు దాటి అవతల అడుగు పెడితే అదే పనికి చప్పట్లు కొట్టి జీతం ఇచ్చేవారు. ఇంగ్లండ్ మిల్లు పట్టణాల జట్లకి మన స్కాట్లండ్ కుర్రాళ్ళంటే అంత మోజు. వాళ్ళలో బంతి దొరికినవాడు దొరికినట్టు తల వంచుకుని ఒక్కడే పరిగెత్తేవాడు. మనవాళ్ళు ఒకడికొకడు అందించుకుంటూ, నవ్వుకుంటూ ఆడేవాళ్ళు. ఆ విద్య కొనుక్కోవాలని ఇంగ్లండ్ దళారులు మంచి టోపీలు పెట్టుకుని మన ఊళ్ళలో రైలు దిగేవారు.

వాళ్ళకి జరిగే మర్యాదలు కూడా గట్టిగానే ఉండేవి. ఒక ఊళ్ళో తారు పూశారు. ఇంకో ఊళ్ళో పేడకుప్ప మీద కూర్చోబెట్టి ఊరేగించారు. లోహన్‌సైడ్‌లో గుడ్డలకి ఎర్రరంగు వేసే కార్ఖానా ఉంది కనుక అక్కడ వాడేసిన రంగునీళ్ళ తొట్టిలో ముంచేవారు. డూగల్‌ని ఎగరేసుకుపోయిన దళారి మాత్రం ఒంటి మీద చుక్క పడకుండా తప్పించుకున్నాడు. కార్ఖానా ఆడవాళ్ళకి ఆ కడుపుమంట అలాగే ఉండిపోయింది.

డూగల్ నాలుగేళ్ళు బార్న్‌క్లిఫ్ అనే నూలుమిల్లుల పట్టణం జట్టులో ఎడమ అంచున ఆడాడు. అక్కడి కూలీలు వానలో తడుస్తూ అతని పేరు పెట్టి గొంతు బొంగురుపోయేలా అరిచేవారు. అయినా తిరిగొచ్చేశాడు. ఎందుకొచ్చావురా అని అడిగితే తిండి పడలేదనో, అక్కడి టీ బాగోలేదనో నసిగేవాడు. అసలు కోరిక ఒక్కటే. ఆట నేర్చుకున్న మైదానంలో, ఏటి పక్కన ఒక మూలకి వాలిపోయిన ఆ నేల మీద, ఊరి ఎర్రచొక్కా వేసుకుని తనవాళ్ళ కళ్ళ ముందు మళ్ళీ ఆడాలి. ముప్ఫై దాటుతున్నాయి. కాళ్ళలో పస ఉండగానే ఆడాలి. అది బయటికి చెప్పుకోవడానికి మొగవాడికి సిగ్గు కదా, అందుకని టీ మీద పెట్టేవాడు.

వచ్చి కార్ఖానాలో తడిగుడ్డలు మోసే పనిలో చేరాడు. ఆ వేసవిలోనే మైసీని పెళ్ళి చేసుకున్నాడు. మైసీ అదే కార్ఖానాలో గుడ్డలు జాడిస్తుంది. మణికట్ల దాకా చేతులు ఎర్రగా ఉంటాయి, నోరు అంతకన్నా ఘాటుగా ఉంటుంది. జట్టు కార్యదర్శి హాడో, అంటే ఊళ్ళో పచారీ కొట్టాయన, డూగల్‌ని మళ్ళీ ఆడనివ్వమని సంఘానికి అర్జీ పెట్టాడు. నెలలు గడిచినా సంఘం ఉలకలేదు, పలకలేదు. చివరికి పక్క ఊరు బాల్‌నోక్‌తో కప్పు పోటీ రేపనగా, శుక్రవారం మధ్యాహ్నం, ఎవరికీ చెప్పకుండా పెటిగ్రూ అనే అధికారిని పంపింది. డూగల్ నిజంగా చెమటోడ్చి బతుకుతున్నాడా, లేక కార్ఖానాలో పేరుకి పెట్టి జట్టువాళ్ళే మేపుతున్నారా అని గుట్టుగా ఆరా తియ్యమన్నారు.

ఆ గుట్టే ఆయన పాలిట శాపమయింది. మైసీ, మిగతా ఆడవాళ్ళు కార్ఖానా గోడ మీద కూర్చుని ఓట్స్ రొట్టె తింటుంటే పెటిగ్రూ నున్నటి టోపీతో వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఇక్కడ డూగల్ మెకాస్లన్ అని ఒకతను ఉండాలి."

"ఉంటే?" అంది మైసీ, రొట్టె నములుతూనే.

"వారానికి ఎంత సంపాదిస్తాడు? బాగానే గడుస్తోందా, ఇబ్బందిగా ఉందా?"

ఆడవాళ్ళు నమలడం మానేశారు.

"మోకాలు ఎలా ఉంది? ఆ మధ్య వాచిందన్నారు. రేపటికి పరిగెత్తగలడా?" ఇది మాత్రం సంఘం అడగమన్న ప్రశ్న కాదు. పాపం, ఆయనకీ ఆటంటే ప్రాణం.

"ఏమే మైసీ, ఈయనకి నీ మొగుడి కాళ్ళు కావాలిటే!" అంది ఒకావిడ.

"మొగుడు ఎలా ఉన్నాడని అడగడేం? కాళ్ళు చూసి కొనుక్కుపోయే గొర్రెల బేరగాడా?" అని మైసీ గోడ దిగింది. "అయ్యా, పోయినసారి వచ్చినవాడు మాకు చెప్పకుండా వెళ్ళిపోయాడు. మీరన్నా మా మర్యాద చూసి వెళ్ళాలి."

ఆయన ఏదో చెప్పబోయాడు. అప్పటికే కాళ్ళు నేల మీద లేవు. తొట్టిలో ఒకసారి ముంచి తీశారు. అలవాటు ప్రకారం రెండోసారీ ముంచారు. రెండోసారి పైకొచ్చినప్పుడు నోట్లోంచి ఎర్రనీళ్ళతో పాటు ఒక మాట కూడా పడింది.

"సంఘం! సంఘం!"

"ఏ సంఘమయ్యా? బార్న్‌క్లిఫ్ సంఘమా?"

"గ్లాస్గో! ఫుట్‌బాల్ సంఘం! నేను మెకాస్లన్ అర్జీ విచారించడానికి వచ్చాను!"

మైసీ పట్టుకున్న మెడపట్టీ వదిలేసింది. పట్టు పోవడంతో ఆయన మూడోసారి తనంతట తనే మునిగాడు.

కేకలు విని డూగల్ షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆడవాళ్ళు పెటిగ్రూని మెట్టు మీద కూర్చోబెట్టి ఏప్రన్లతో తుడుస్తున్నారు. ఎంత తుడిస్తే రంగు అంత బాగా పట్టుకుంటోంది. ఆయన తెల్ల గడ్డం అప్పుడే కోసిన బీటు దుంపలా తయారయింది.

"ఏం చేశావే?" అన్నాడు డూగల్.

"పప్పులో కాలేశాను," అంది మైసీ. జీవితంలో మొదటిసారి ఆమె గొంతు సన్నబడింది. "నిన్ను మళ్ళీ పట్టుకుపోతాడనుకున్నానయ్యా. నీ రేపటి ఆట నేనే చెడగొట్టాను."

డూగల్‌కి ఆమె మీద కోపం రాలేదు. నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెనకే రేపటి ఆట పోతుందేమోనన్న భయం కూడా వచ్చింది.

సాయంత్రం పని వదిలాక బడిలో విచారణ పెట్టారు. పిల్లల బల్లల మీద జట్టువాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఊరంతా కిటికీల దగ్గర మూగింది. పెటిగ్రూ హాడోగారి ఆదివారం కోటు తొడుక్కుని పంతులు కుర్చీలో కూర్చున్నాడు. కోటు చేతులు పొట్టివి కావడంతో ఎర్రబారిన మణికట్లు బయటికి కనిపిస్తున్నాయి. నవ్వితే జట్టు కొంప మునుగుతుందని అందరూ చెంపలు లోపలినుంచి కొరుక్కుంటున్నారు.

నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎదిరించడం ఎంతో సులువు.

"చూడు మెకాస్లన్," అన్నాడు, "మధ్యాహ్నం జరిగింది నేను మర్చిపోతాను. చెప్పకుండా రావడం నా పొరపాటు. నువ్వు కార్ఖానాలో నిజంగా పని చేస్తున్నావని నీ అరచేతులే చెబుతున్నాయి. ఇక ఒక్కటే మిగిలింది. మా పద్ధతి నీకు తెలుసు. లేచి నిలబడి, కూలికి ఆడి ఆటని అమ్ముకున్నాను, అందుకు సిగ్గుపడుతున్నాను, క్షమించండి అని నలుగురి ముందు చెప్పు. రేపు ఆడుకో."

"అంతేనా అండీ?" అన్నాడు హాడో, ఆనందంతో కుర్చీ అంచుకి జరిగి. "అంతే అంటున్నారయ్యా! లే, లే!"

డూగల్ లేచాడు. తప్పు చేసినవాళ్ళని చర్చిలో జనం ముందు నిలబెట్టి చెప్పించేవారే, అచ్చం అలాగే చేతులు కట్టుకుని నిలబడాలి. జట్టు నాయకుడు గిబ్బీ ఎదురుగా కూర్చుని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. గిబ్బీ, డూగల్ ఏటి ఒడ్డున గుడ్డ మూటని తన్నుకుంటూ పెరిగినవాళ్ళు. ఎర్రచొక్కా ఒకటి మడతపెట్టి గిబ్బీ ఒళ్ళో ఉంది. డూగల్ కొలతకి కుట్టించినది.

చెప్పేద్దామనే అనుకున్నాడు డూగల్. నాలుగు మాటలు. చెబితే ఒంట్లో ఏం తరుగుతుంది? నోరు తెరిచాడు కూడా. కానీ సిగ్గు అనే మాట దగ్గరికి వచ్చేసరికి బార్న్‌క్లిఫ్‌లో వానలో నిలబడ్డ మనుషులు కళ్ళ ముందుకొచ్చారు. పొద్దస్తమానం మగ్గాల మోతలో చెవుడొచ్చినవాళ్ళు, దూది పీల్చి దగ్గేవాళ్ళు, శనివారం పూట అతని పరుగు చూసి బతికామనుకునేవాళ్ళు. ఆ పరుగుకి సిగ్గుపడాలా?

"చెప్పలేనండీ," అన్నాడు.

"ఏమిటి?"

"సిగ్గు పడటం లేదు కదండీ. పడనిది పడ్డానని ఎలా చెప్పను?"

కిటికీల దగ్గర జనం తలలు లోపలికి పెట్టారు.

"మెకాస్లన్," అన్నాడు పెటిగ్రూ ఓపిగ్గా, "పెద్దమనుషులు ఆటని ఆట కోసం ఆడతారు. డబ్బు కోసం ఆడితే అది కూలిపని అయిపోతుంది."

"కూలిపని అంటే అంత చిన్నచూపెందుకండీ?" ఇప్పుడు డూగల్ కట్టుకున్న చేతులు విప్పేశాడు. "మీ పెద్దమనుషులు శనివారం కాలు విరగ్గొట్టుకుంటే సోమవారం వాళ్ళ పొయ్యి ఆరిపోదు. మాది ఆరిపోతుంది. హాడోగారు పంచదార తూచి లాభం తీసుకుంటారు. పాదిరిగారు దేవుడి మాట చెప్పి జీతం తీసుకుంటారు. దేవుణ్ణి అమ్ముకున్నావని ఆయన్ని ఎవరన్నా నిలబెట్టారా? రేపు మైదానం చుట్టూ తాడు కడతారు. లోపలికి రావడానికి జనం డబ్బిస్తారు. ఎవర్ని చూడ్డానికండీ ఇచ్చేది? మీ టోపీ చూడ్డానికా?"

కిటికీ దగ్గర ఎవరో పకాలుమని నవ్వారు. అది మైసీ నవ్వని డూగల్‌కి తెలుసు. దాంతో ఇంకాస్త ధైర్యం వచ్చింది.

"ఇంకో మాట. నేను బార్న్‌క్లిఫ్‌లోనే మొదటిసారి డబ్బు పుచ్చుకున్నాననుకుంటున్నారేమో. అంతకుముందు ఈ ఊళ్ళోనే, ఆట అయ్యాక ఇంటికెళ్ళడానికి బూటులో కాలు పెడితే వేళ్ళకి వెండి నాణెం తగిలేది. ఎవరిచ్చారని అడక్కూడదు, థాంక్స్ చెప్పకూడదు. బార్న్‌క్లిఫ్‌వాళ్ళు బల్ల మీద పెట్టి, పేరు పిలిచి, చెయ్యి కలిపి ఇచ్చారు. దాచి తీసుకున్నదానికి సిగ్గుపడమనండి, ఇప్పుడే పడతాను. మొహం మీద ఇచ్చినదానికి మాత్రం చచ్చినా పడను."

హాడో మొహంలో నెత్తురు చుక్క లేదు. తన ఎరుపంతా పెటిగ్రూకే ఇచ్చేసినట్టున్నాడు.

పెటిగ్రూ ముందుకు వంగాడు. "ఈ జట్టులోనా? బూటులో ఎవరు పెట్టేవారు?"

డూగల్ మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.

"ఇది చిన్న విషయం కాదు. ఆ పేరు చెప్పు. చెబితే క్షమాపణ అక్కర్లేదు. నిజం చెప్పి సంఘానికి సాయపడ్డావని నేనే రాసుకుంటాను. రేపు నువ్వు ఆడతావు."

అప్పుడు డూగల్ హాడో వైపు చూడలేదు. చూస్తే చాలు, పేరు చెప్పినట్టే. గోడకి వేలాడుతున్న దేశపటం వైపు చూస్తూ నిలబడ్డాడు. హాడో లేచి 'నేనే' అంటే కథ వేరేగా ఉండేది. హాడో లేవలేదు. ఆయనకి కొట్టుంది, పరువుంది, చర్చిలో ముందు వరస కుర్చీ ఉంది. అలాంటివాళ్ళు లేవరు.

"మొదట క్షమాపణ అడిగారు," అన్నాడు డూగల్. "ఇప్పుడు చాడీ అడుగుతున్నారు. ఇంకాసేపు కూర్చుంటే ఏం అడుగుతారో. ఇంగ్లండ్‌లో నా కాళ్ళు కొన్నారండీ, నాలుక ఎవరూ కొనలేదు. అది ఇక్కడా అమ్మకానికి లేదు."

పెటిగ్రూ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "అయితే స్కాట్లండ్‌లో నువ్వింక బంతి తన్నడానికి వీల్లేదు. రేపే కాదు, ఎప్పటికీ," అన్నాడు. అనడానికి ఆయనకీ మనసొప్పినట్టు లేదు.

బయట గిబ్బీ దారికడ్డంగా నిలబడ్డాడు. ఎర్రచొక్కా ఇంకా చేతిలోనే ఉంది.

"నాలుగు మాటలురా! నాలుగు మాటలు అనలేకపోయావా? రేపు బాల్‌నోక్‌వాళ్ళు మమ్మల్ని నంజుకు తింటారు. నీ పౌరుషం మా అందరికన్నా ఎక్కువైపోయిందా?"

"ఎక్కువ కాదురా. నాకున్నదే అది."

"పో! పోయి దాన్నే తన్నుకో!" అని గిబ్బీ చొక్కాని అతని గుండెల మీదికి విసిరి వెళ్ళిపోయాడు. అతని తప్పు కూడా లేదు. చెలికాడితో కలిసి ఆడాలని అతనికి మాత్రం లేదా?

హాడో గోడ వారగా వచ్చి డూగల్ చెయ్యి పట్టుకున్నాడు. "నా పరువు కాపాడావు బాబూ. ఈ మేలు మర్చిపోను."

"మర్చిపోండి," అన్నాడు డూగల్, చెయ్యి విడిపించుకుంటూ. "మీకోసం చేసింది కాదు."

ఇంటికెళ్ళాక ఎర్రచొక్కా బల్ల మీద పరిచి దాని ముందు కూర్చున్నాడు. నలుగురి ముందు గొంతెత్తిన మనిషి అక్కడ ఏడ్చాడు. మైసీ వద్దనలేదు. గిన్నెలో వేడివేడి గంజి పోసి ముందు పెట్టింది.

"చెప్పేసి ఉండాల్సిందంటావా?" అన్నాడు.

"చెబితే రేపు ఆడేవాడివి. ఎల్లుండి నుంచి నా పక్కన ఎవడు పడుకునేవాడో నాకు తెలియదు," అంది. "బార్న్‌క్లిఫ్‌వాళ్ళు నీ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నావు కదా?"

"ఇవ్వలేదు. నువ్వేమో ఊరు వదిలి రానన్నావు."

"అప్పుడన్నాను. ఇప్పుడు మంచి టోపీ కనిపిస్తే చాలు, నన్ను చూసి పారిపోతోంది. నాకిక్కడ ఏం పని మిగిలింది? రేపే పోదాం."

"చీకటి పడ్డాక బయల్దేరదాం." కూలి ఆటకి దక్షిణం వెళ్ళేవాళ్ళు అందరూ అలాగే వెళ్ళేవారు, దొంగల్లా చేలకి అడ్డం పడి, ఎవరూ గుర్తుపట్టని పక్క స్టేషన్‌లో రైలెక్కి. "ఎవరన్నా చూస్తే రాళ్ళేస్తారు."

మైసీ ఒంటికాలి మీద లేచింది. "చీకట్లోనా? ఏం దొంగిలించామయ్యా? ఇంతసేపూ ఆ బడిలో వాగిందంతా ఏమయింది? రేపు ఆట జరుగుతున్నప్పుడే రైలుంది. మైదానం పక్క రోడ్డు మీదుగా, అందరి కళ్ళ ముందే పోదాం. రాళ్ళు వేసేవాడి చెయ్యి ఎలా ఉంటుందో నేనూ చూస్తాను."

మర్నాడు వాన తుంపర. డూగల్ భుజాన పెట్టె, మైసీ చేతిలో మూట. డూగల్ బూట్లు తాడుతో కట్టి మెళ్ళో వేసుకున్నాడు, ఏ పనికి పోతున్నాడో ఎవరికీ అనుమానం లేకుండా. రోడ్డుకీ మైదానానికీ మధ్య నడుమెత్తు రాతిగోడ ఒక్కటే. అవతల తాడు చుట్టూ ఊరంతా ఉంది. మనవాళ్ళ ఆట ఏమీ బాగోలేదని చూడకుండానే తెలిసిపోతోంది. జనం అరవడం లేదు, మూలుగుతున్నారు.

ముందు ఒక తల తిరిగింది. తరవాత వరసగా అన్నీ తిరిగాయి. ఎవరూ రాయి వెయ్యలేదు. ఎవరూ పలకరించనూ లేదు. డూగల్ తిన్నగా ముందుకు చూస్తూ నడుస్తున్నాడు. పక్కనే వెళ్తూ ఆ మైదానం వైపు చూడకుండా ఉండటం కన్నా కష్టమైన పని అతను జన్మలో చెయ్యలేదు.

అంతలో బాల్‌నోక్‌వాడెవడో గుడ్డిగా తన్నిన బంతి జనం తలల మీదుగా ఎగిరి, గోడ దాటి, రోడ్డు మీద బురదలో పడి దొర్లుకుంటూ వచ్చి అతని ముందు ఆగింది.

తాడు పక్కన కుర్చీలో కూర్చున్న పెటిగ్రూ లేచి నిలబడ్డాడు. గడ్డం ఇంకా ఎర్రగానే ఉంది.

"మెకాస్లన్! నువ్వు దాన్ని ముట్టుకోకూడదు! ఇంకెవరన్నా తెస్తారు!"

డూగల్ పెట్టె కింద పెట్టాడు. తోలు బంతి నీళ్ళు తాగి ఇనపగుండులా ఉంది. కాళ్ళకి ఉన్నవి మామూలు నడక జోళ్ళు. అవతల ఎక్కడో దూరంగా, వాలుగా ఉన్న మూలలో, గిబ్బీ ఒక్కడే నిలబడి ఇటే చూస్తున్నాడు. నిన్న తిట్టిన గిబ్బీ నెమ్మదిగా చెయ్యి పైకెత్తాడు. చిన్నప్పుడు ఏటి ఒడ్డున ఇలా ఇవ్వరా అని అడిగేటప్పుడు ఎత్తినట్టే.

రెండడుగులు వెనక్కి వేసి డూగల్ తన్నాడు. బంతి గోడ దాటింది, తాడు దాటింది, నోళ్ళు తెరిచి చూస్తున్న రెండు జట్లనీ దాటింది, వెళ్ళి గిబ్బీ కాళ్ళ ముందు పెంపుడు కుక్కలా పడింది. ఆ తరవాత లోహన్‌సైడ్ జనం అరిచిన అరుపుకి ఏటి మీద బాతులన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"ఇది నేరం!" అని పెటిగ్రూ గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "నిషేధం ఉండగా నువ్వు బంతి తన్నావు! నేను రాసుకోక తప్పదు!"

"రాసుకోండి," అన్నాడు డూగల్, పెట్టె మళ్ళీ భుజానికెత్తుకుంటూ. "డూగల్ మెకాస్లన్ సొంత ఊళ్ళో, సొంత జనం ముందు ఆడాడని రాసుకోండి. ఈ ఒక్కదానికీ కూలి తీసుకోలేదని కూడా రాసుకోండి."